ఎర్ర ఆపిల్ పళ్ళ దేశంలో బడి

ఏటా జూన్ నెలలో మన ఆశ్రమ పాఠశాలల గేటు దగ్గర ఒక దృశ్యం కనిపిస్తుంది. గూడెం నుంచి అమ్మో నాన్నో ఒక చిన్నపిల్లను వెంటబెట్టుకుని వస్తారు. చేతిలో రేకు పెట్టె ఉంటుంది. రిజిస్టర్‌లో పేరు రాస్తారు, యూనిఫాం ఇస్తారు, జుట్టు పొట్టిగా కత్తిరిస్తారు. సాయంత్రానికి అమ్మ వెళ్లిపోతుంది. పిల్ల గేటు ఊచలు పట్టుకుని దారివైపే చూస్తూ నిలబడుతుంది. మనలో చాలామందిమి ఒకప్పుడు ఆ ఊచలు పట్టుకున్నవాళ్లమే. ఇప్పుడు మనలో కొందరం టీచర్లమయ్యాం. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చే పని ఇప్పుడు మనది.

ఈ వ్యాసం 1884లో అలా బడికి వెళ్లిన ఒక ఎనిమిదేళ్ల ఆదివాసీ అమ్మాయి గురించి. ఆమెది అమెరికా దేశం, డకోటా జాతి. ఆమె వెళ్లింది క్రైస్తవులు నడిపే కట్టుదిట్టమైన బడికి. ఆమె క్రైస్తవురాలు కాదు. ఆ బడిలో ఏం జరిగిందో పెద్దయ్యాక తానే రాసింది. ఆ బడి నేర్పిన ఇంగ్లీషులోనే రాసింది. ఆమె పేరు జిట్కాలా షా. ఆ మాటకు ఎర్ర పిట్ట అని అర్థం.

ఆమె కథను మనం తెలుసుకోవాల్సింది క్రైస్తవ మతాన్ని నిందించడానికి కాదు. మన ఆదివాసుల్లో క్రైస్తవులు ఉన్నారు, ఇతర మతాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు, తాతల నాటి వేల్పులనే కొలిచేవాళ్లు ఉన్నారు. అందరి పిల్లలూ ఒకే బడికి వస్తారు. చదువు ఇచ్చేటప్పుడు బడి ఆ పిల్లల దగ్గర నుంచి ఏం తీసుకుంటోంది అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఆ కాలం, ఆ నేల

మన పాత పాఠ్యపుస్తకాలు రెడ్ ఇండియన్లు అని రాసినవాళ్లు ఒక్క జాతి కాదు. డకోటా, లకోటా, చెరోకీ, నవాహో ఇలా వందల జాతులు. ఎవరి భాష వాళ్లది, ఎవరి నేల వాళ్లది. పంతొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి ఆ నేలలో ఎక్కువ భాగం తెల్లవాళ్ల చేతికి పోయింది. మిగిలిన ముక్కలకు రిజర్వేషన్లు అని పేరుపెట్టి జాతులను వాటిలో ఉండమన్నారు. మనకు రిజర్వేషన్ అంటే ఉద్యోగంలో, చదువులో వాటా. అక్కడ రిజర్వేషన్ అంటే హద్దులు గీసి చూపించిన నేల.

జిట్కాలా షా 1876 ఫిబ్రవరి 22న ఇప్పటి దక్షిణ డకోటా రాష్ట్రంలోని యాంక్టన్ రిజర్వేషన్‌లో పుట్టింది. అదే ఏడాది జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటా, షయాన్ వీరులు అమెరికా సైన్యాధికారి కస్టర్‌ను, అతని దళాన్ని ఓడించారు. ఆ గెలుపు ఎక్కువకాలం నిలవలేదు. తర్వాత సైన్యం మరింత పెద్దదై వచ్చింది. సైన్యం వెనకే బడి వచ్చింది.

బడిని చర్చిల చేతుల్లో పెట్టడం ప్రభుత్వ విధానమే. 1819లోనే అమెరికా ప్రభుత్వం ఆదివాసులకు నాగరికత నేర్పాలంటూ ఏడాదికి పదివేల డాలర్లు కేటాయించింది. ఆ డబ్బు చాలావరకు మిషన్ బడులకు చేరింది. 1869 తర్వాత అధ్యక్షుడు గ్రాంట్ కాలంలో రిజర్వేషన్ల పాలననే వేర్వేరు క్రైస్తవ శాఖలకు పంచారు. 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి పెన్సిల్వేనియాలో ఒక పాత సైనిక స్థావరంలో కార్లైల్ బడి తెరిచాడు. పిల్లవాడిలో ఉన్న ఆదివాసిని చంపేస్తే లోపలి మనిషి బతుకుతాడన్నది ప్రాట్ సిద్ధాంతం. ఆ మాటను అతను రహస్యంగా అనలేదు, సభలో నిలబడి చెప్పాడు. తాను మేలు చేస్తున్నాననే నమ్మాడు.

కార్లైల్‌లో చేరిన మొదటి పిల్లల్లో లూథర్ స్టాండింగ్ బేర్ అనే లకోటా కుర్రవాడు ఉన్నాడు. తనకు పేరు ఎలా వచ్చిందో అతను తర్వాత పుస్తకంలో రాశాడు. నల్లబల్ల మీద ఏవో గీతలు గీసి ఉన్నాయి. పిల్లలకు ఒక కర్ర ఇచ్చి వాటిలో ఒకటి చూపించమన్నారు. అవి తెల్లవాళ్ల పేర్లని ఆ పిల్లలకు తెలియదు. అతను చూపించిన గీత లూథర్. అప్పటి నుంచి అతను లూథర్ అయ్యాడు.

ఆపిల్ పళ్ళ ఆశ

జిట్కాలా షా వెళ్లిన బడి కార్లైల్ కాదు. ఇండియానా రాష్ట్రంలో వాబాష్ ఊరి దగ్గర ఉన్న వైట్స్ మాన్యువల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్. దాన్ని క్వేకర్లు నడిపేవారు. క్వేకర్లు క్రైస్తవుల్లో ఒక శాఖ. యుద్ధం వద్దంటారు, ఆడంబరం లేకుండా బతుకుతారు, బానిసత్వాన్ని ఎదిరించినవాళ్లలో ముందున్నారు. చెడ్డవాళ్లని పేరు తెచ్చుకున్నవాళ్లు కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే తర్వాతి కథ ఇంకా బాగా అర్థమవుతుంది.

మిషనరీలు యాంక్టన్‌కు వచ్చి పిల్లలను అడిగారు. తూర్పు దేశంలో చెట్లనిండా ఎర్ర ఆపిల్ పళ్ళు ఉంటాయనీ, ఎన్ని కావాలంటే అన్ని కోసుకోవచ్చనీ తోటిపిల్లలు ఆమెకు చెప్పారు. రైలు బండి ఎక్కవచ్చు. అప్పటిదాకా ఆమె తిన్న ఆపిల్ పళ్ళు డజనుకు మించవు. వెళ్తానని పట్టుబట్టింది.

తల్లికి ఇష్టం లేదు. పెద్దకొడుకు అప్పటికే తూర్పున మూడేళ్లు చదివి వచ్చాడు. వాడిలో వచ్చిన మార్పు ఆమె చూసింది. అయినా చివరికి ఒప్పుకుంది. తెల్లవాళ్లు మన నేల తీసుకున్నారు, ఆ బాకీలో కొంతైనా చదువు రూపంలో ఇప్పుడు తీరుస్తున్నారేమో, నా బిడ్డ పెద్దయ్యాక చదువు లేకుండా బతకలేదేమో అనుకుంది. బిడ్డ ఏడుస్తుందని తెలిసే పంపింది.

ఈ తల్లి ఆలోచన మనకు కొత్తది కాదు. చదువు లేక షావుకారు దగ్గర, ఫారెస్టు గార్డు దగ్గర, పట్టా కాగితం దగ్గర మోసపోయిన మన తల్లిదండ్రులు కూడా ఇలాగే లెక్క వేసుకున్నారు. పిల్లల చదువు కోసం మన పెద్దలు వాళ్లకు దూరమై బతికారు. బడి వద్దనుకున్న తల్లి కథ కాదు ఇది. బడి కావాలనుకున్న తల్లి కథ.

మొదటి రోజు

రైల్లో తెల్లవాళ్లు ఆ పిల్లలను వింత జంతువులను చూసినట్టు చూశారు. వాళ్ల పిల్లలు ఆమె కాళ్లకున్న మొకాసిన్ చెప్పులను వేలెత్తి చూపించారు. కిటికీలోంచి టెలిగ్రాఫ్ స్తంభాలు కనిపించాయి. అలాంటి స్తంభాలు తన ఇంటి దగ్గర కూడా కొన్ని ఉన్నాయి. మిగతావన్నీ తెలియనివే కాబట్టి ఆ స్తంభాలనే చూస్తూ కూర్చుంది.

బడికి చేరేసరికి రాత్రి, చుట్టూ మంచు. ఒకామె ముద్దు చేస్తూ ఆమెను పైకి ఎగరేసి పట్టుకుంది. ఆమెకు అవమానమనిపించింది. తన తల్లి ఎప్పుడూ తనను బొమ్మలా చూడలేదు. ఆ తెల్లావిడ మనసులో చెడు లేదు. కానీ ఒక జాతిలో ముద్దు అనిపించేది మరో జాతిలో మర్యాద తప్పడం కావచ్చని ఆమెకు తెలియదు.

మర్నాడు పొద్దున భోజనశాలలో గంట మోగింది. అందరూ కుర్చీలు వెనక్కి లాగారు. జిట్కాలా షా కూర్చుంది. చూస్తే అందరూ నిలబడే ఉన్నారు. సిగ్గుపడి లేచేలోపు రెండో గంట మోగింది, అందరూ కూర్చున్నారు. ఒక మగ గొంతు ఏదో చదవడం మొదలైంది. అందరూ తలలు వంచుకున్నారు. ఆమె తల ఎత్తి చూసింది. ఒక తెల్లావిడ తననే చూస్తూ ఉంది. మూడో గంటకు అందరూ కత్తులు, ముళ్లచెంచాలు తీసుకుని తినడం మొదలుపెట్టారు. ఆమెకు ఏడుపు వచ్చింది.

అది ప్రార్థన అని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. మీ ఇంట్లో తినేముందు ఏం చేస్తారని ఎవరూ అడగలేదు. ఆ గదిలో మతం గంటల రూపంలో వచ్చింది. నమ్మకం ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. గంటకు లేవాలి, గంటకు కూర్చోవాలి.

ఆ రోజే జుట్టు కత్తిరిస్తారని కొంచెం ఇంగ్లీషు తెలిసిన తోటిపిల్ల విని వచ్చి చెప్పింది. డకోటాల్లో జుట్టు పొట్టిగా ఉండేది చావు మైలలో ఉన్నవాళ్లకు. యుద్ధంలో శత్రువుకు చిక్కిన పిరికివాళ్ల జుట్టును శత్రువులు కత్తిరిస్తారు. వాళ్లు బలమైనవాళ్లు, లొంగక తప్పదని తోటిపిల్ల అంది. నేను లొంగను అని జిట్కాలా షా మేడమీద ఒక గదిలోకి వెళ్లి మంచం కింద దాక్కుంది. వెతికి బయటికి లాగారు. కుర్చీకి కట్టేశారు. మెడ మీద కత్తెర చల్లగా తగలడం, జడ తెగడం ఆమెకు తెలిసింది. అమ్మ కోసం ఏడ్చింది. ఎవరూ వచ్చి ఓదార్చలేదు.

కత్తిరించినవాళ్లకు అది శుభ్రత. పేల బాధ ఉండదు, పిల్లలందరూ ఒకేలా ఉంటారు. పిల్లకు మాత్రం ఎవరో చనిపోయినట్టు, తాను పిరికిదాన్నయినట్టు. ఒక్క మాట అడిగి ఉంటే రెండు అర్థాలూ తెలిసేవి. ఆ అడిగే అలవాటు ఆ బడికి లేదు.

కాదు అన్న ఒక్క మాట

భాష రాని పిల్లకు బడి ఎలా ఉంటుందో చెప్పే సంఘటన ఒకటి ఆమె రాసింది. ముగ్గురు డకోటా పిల్లలు మంచులో పడుకుని తమ ఆకారాలు అచ్చు వేసి ఆడుకున్నారు. అది నిషేధం. ఒక తెల్లావిడ వాళ్లను లోపలికి పిలిచింది. కొంచెం ఇంగ్లీషు వచ్చిన పిల్ల మిగతా ఇద్దరికీ ఉపాయం చెప్పింది. ఆవిడ మాట్లాడటం ఆపగానే 'నో' అనండి, అంతే.

మొదట వెళ్లిన పిల్లను ఆవిడ, ఇకనుంచి నా మాట వింటావా అని అడిగింది. పిల్ల 'నో' అంది. దెబ్బలు పడ్డాయి. మళ్లీ అడిగింది. పిల్ల మళ్లీ 'నో' అంది. ఇంకా దెబ్బలు. చివరికి ఆవిడ, మళ్లీ మంచులో పడతావా అని ప్రశ్న మార్చి అడిగింది. అప్పుడు కూడా పిల్ల 'నో' అంది. ఈసారి సరైన జవాబు కుదిరింది కాబట్టి వదిలేశారు.

ఇది చదివి మన టీచర్లు నవ్వుకోవచ్చు. మొదటి తరగతిలో కోయ, సవర, కువి, కొలామీ మాట్లాడే పిల్ల తెలుగులో అడిగిన ప్రశ్నకు తల ఊపి దెబ్బ తిన్న సందర్భాలు గుర్తొస్తే నవ్వు ఆగిపోతుంది. పిల్ల మొండిది కాదు. మాట అర్థం కాలేదు.

సైతాను బొమ్మ

ఆ బడిలో మతం ఆమెకు మొదట పరిచయమైంది దేవుడి ద్వారా కాదు, సైతాను ద్వారా. ఒక తెల్లావిడ పుస్తకంలో కొమ్ములు, గోళ్లు, తోక ఉన్న బొమ్మ చూపించింది. బడి నియమాలు పాటించని చిన్నపిల్లలను వీడు పట్టుకుని హింసిస్తాడని చెప్పింది. బడి నియమం, దేవుడి ఆజ్ఞ ఆ పిల్ల బుర్రలో ఒకటైపోయాయి.

తన ఇంట్లో కూడా దుష్టశక్తుల కథలు ఆమె విన్నది. కానీ ఆ శక్తులన్నిటికంటే పెద్దది, దేవుడినే ఎదిరించేది ఒకటుందని ఎప్పుడూ వినలేదు. ఆ రాత్రి కల వచ్చింది. సైతాను తన తల్లి ఇంట్లోకి వచ్చాడు. తల్లితో మాట్లాడలేదు, ఎందుకంటే వాడికి డకోటా భాష రాదు. పొయ్యి చుట్టూ ఈ పిల్లనే తరిమాడు. పట్టుకోబోయే సమయానికి తల్లి లేచింది, వాడు మాయమయ్యాడు.

మర్నాడు ఆమె ఆ పుస్తకం తీసి, పలక బలపంతో సైతాను కళ్లను గీకేసింది. గీకిన చోట కాగితం చిరిగి చిల్లు పడింది.

మత బోధ అంటే ఏమిటో పెద్దలు ఎన్ని విధాలుగా చెప్పినా, క్రైస్తవేతర పిల్లకు ఆ బడిలో చేరింది ఈ భయమే. ఇంటి వేల్పులు తప్పు అని ఎవరూ ప్రత్యేకంగా పాఠం చెప్పనక్కరలేదు. ఇంటి సంగతి అసలు ఎత్తకుండా, ఎప్పుడూ ఒక్క పుస్తకం బొమ్మలే చూపిస్తే చాలు. అమ్మకు తెలియని దేవుడు, అమ్మ భాష రాని సైతాను. ఆ రెంటి మధ్య పిల్ల ఒంటరిది.

హాజరు పిలుపు

చలికాలం పొద్దున ఆరున్నరకు పెద్ద గంట. చీకట్లో దుస్తులు వేసుకోవాలి, చల్లనీళ్లతో మొహం కడగాలి, హాజరు పిలుపుకు పరుగెత్తాలి. ఆలస్యమైతే పేరు పక్కన గీత. జ్వరమైనా, ఒళ్లు నొప్పులైనా గంట గంటే.

ఆమె తోటి విద్యార్థిని ఒకామె క్షయతో చనిపోయింది. మంచం దగ్గర ఈమె కూర్చుంది. దుప్పటి మడతల మధ్య బైబిల్ ఉంది. చనిపోయే పిల్ల ఏవో పొంతనలేని మాటలు అంది. ఆ రోజు తనకు ఎంత కోపం వచ్చిందో, వైద్యం సరిగ్గా అందించకుండా నమ్మకాలు నూరిపోసినవాళ్లను ఎలా తిట్టుకుందో జిట్కాలా షా దాచకుండా రాసింది. అలాగే ఇంకో మాట కూడా రాసింది. ఆ రోజుల్లో తనను బాధపెట్టినవాళ్లలో చాలామంది మంచి ఉద్దేశంతోనే ఉన్నారు, కానీ తన బాధ వాళ్లకు తెలియలేదు అన్న అర్థం వచ్చేలా. ఇరవై నాలుగేళ్ల వయసులో ఆ రెండు మాటలూ రాయగలిగిందంటే ఆమె ఎంత నిజాయితీపరురాలో తెలుస్తుంది.

ఇల్లు పరాయిదైంది

మూడేళ్ల తర్వాత ఆమె ఇంటికి వచ్చింది. తర్వాతి నాలుగేళ్లు అక్కడే ఉంది. ఆ నాలుగేళ్లు ఎటూ కాని బతుకు అని ఆమె రాసింది. పూర్తిగా అడవి పిల్ల కాదు, పూర్తిగా నాగరికురాలూ కాదు. ఊళ్లో పెద్దపిల్లలు బడి దుస్తులు వేసుకుని ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు.

తల్లి ఎప్పుడూ బడి లోపలికి అడుగుపెట్టలేదు. కూతురి బాధ ఎక్కడిదో ఆమెకు అర్థం కాలేదు. ఒక సాయంత్రం ఏడుస్తున్న కూతురికి ఒక పుస్తకం అందించింది. మిషనరీ ఇచ్చిన డకోటా భాషలోని బైబిల్. చదువుకుంటే మనసు కుదుటపడుతుందని. తల్లి చేతిలో ఆ పుస్తకం ఉండటం కూతురికి మరింత బాధ కలిగించింది. మర్యాద కోసం తీసుకుంది కానీ చదవలేదు. నేలమీద ఊరికే కూర్చుంది.

ఈ ఘట్టంలో దోషులెవరూ లేరు. తల్లికి ప్రేమ ఉంది, ఆ పుస్తకం మీద ద్వేషమూ లేదు. కూతురికి తల్లి మీద ప్రేమ ఉంది. మధ్యలో బడి ఉంది. హాస్టల్ నుంచి సెలవులకు ఇంటికి వచ్చి, అమ్మ మాట్లాడే భాషలో జవాబు చెప్పడానికి తడబడిన మన పిల్లలకు ఈ ఘట్టం వివరించనక్కరలేదు.

తర్వాత ఆమె మళ్లీ అదే బడికి వెళ్లింది. తల్లి వద్దంది, అయినా వెళ్లింది. 1895లో చదువు ముగించి ఇండియానాలోనే క్వేకర్ల ఎర్ల్‌హామ్ కాలేజీలో చేరింది. 1896లో రాష్ట్రస్థాయి వక్తృత్వ పోటీలో నిలబడింది. ఎదుటి కాలేజీ విద్యార్థులు ఆమె జాతి ఆడవాళ్లను కించపరిచే మాట రాసిన జెండా ఒకటి పట్టుకుని ఊపారు. ఆమె మాట్లాడింది. రెండో బహుమతి వచ్చింది. రాత్రి గదిలో ఒంటరిగా కూర్చుంటే ఆ గెలుపు ఆకలి తీర్చలేదని, దూరంగా తన తల్లి తన మీద నేరం మోపుతున్నట్టు అనిపించిందని రాసింది.

ఆమె టీచరైంది

1897లో జిట్కాలా షా కార్లైల్ బడిలోనే టీచరుగా చేరింది. తనకు జరిగింది తెలిసి కూడా చేరింది. తన జాతి పిల్లలకు మేలు చేయవచ్చనుకుంది. కొన్నాళ్లకు ప్రాట్ ఆమెను పశ్చిమానికి పంపాడు. కొత్త పిల్లలను పోగుచేసి తీసుకురావాలి. అంటే చిన్నప్పుడు తన ఊరికి వచ్చిన ఆపిల్ పళ్ళ మిషనరీ పని ఇప్పుడు తన పని అయింది.

వెళ్లి చూస్తే తల్లి ఇంటి పైకప్పు కారుతోంది. ఇంట్లో తిండి తక్కువ. చదువుకుని ప్రభుత్వ ఉద్యోగం చేసిన అన్న ఉద్యోగం పోగొట్టుకున్నాడు. చుట్టూ తెల్ల వలసదారుల దీపాలు. బడి చెప్పిన నాగరికత వచ్చింది, కానీ నేల తెల్లవాళ్లకు వచ్చింది. 1899లో ఆమె కార్లైల్ వదిలేసింది.

1900 జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో అమెరికాలో పేరున్న అట్లాంటిక్ మంత్లీ పత్రికలో ఆమె బాల్యం, బడి, ఉద్యోగం గురించి మూడు వ్యాసాలు వచ్చాయి. పైన చెప్పిన సంఘటనలన్నీ వాటిలోవే. 1902లో అదే పత్రికలో తాను ఎందుకు క్రైస్తవురాలు కాలేదో చెప్పే వ్యాసం రాసింది. అందులో ఎవరినీ తిట్టలేదు. క్రైస్తవుడైన తన జాతి బోధకుడు ఇంటికి వస్తే మర్యాదగా విని, భోజనం పెట్టి పంపిందట. తనకు మాత్రం నది ఒడ్డున, పువ్వుల్లో, పక్షుల్లో కనిపించే మహా ఆత్మ చాలని చెప్పింది.

కార్లైల్ పత్రిక ఆమెను కృతజ్ఞత లేనిదంది. చదువు చెప్పినవాళ్ల మీదే రాస్తావా అన్నారు. ఈ మాట మన రచయితలు కూడా విన్నదే. హాస్టల్ అన్నం తిని హాస్టల్ మీద రాస్తావా అంటారు. ఆ అన్నం దానం కాదు, హక్కు అని జిట్కాలా షా తల్లికి కూడా తెలుసు. నేల బాకీలో కొంత అనే కదా ఆమె అనుకుంది.

పుట్టినప్పుడు రికార్డుల్లోకి ఎక్కిన పేరు గెర్ట్రూడ్ సిమన్స్. జిట్కాలా షా అన్నది రాయడం మొదలుపెట్టే కాలంలో ఆమె తనకు తాను పెట్టుకున్న పేరు. లూథర్‌కు నల్లబల్ల పేరు ఇచ్చింది. ఈమె తన జాతి భాషలోంచి పేరు తీసుకుంది.

తర్వాతి బతుకంతా ఆమె ఆదివాసుల పక్షాన పనిచేసింది. 1916లో సొసైటీ ఆఫ్ అమెరికన్ ఇండియన్స్ కార్యదర్శి అయింది. ఓక్లహోమాలో చమురు దొరికిన ఆదివాసీ భూములను సంరక్షకుల పేరుతో ఎలా దోచుకున్నారో 1924లో మరో ఇద్దరితో కలిసి నివేదిక రాసింది. 1926లో భర్తతో కలిసి నేషనల్ కౌన్సిల్ ఆఫ్ అమెరికన్ ఇండియన్స్ స్థాపించింది. 1938లో చనిపోయింది.

ఆమెను దేవతను చేయనక్కరలేదు. 1918లో పెయోటీ అనే మొక్కను నిషేధించాలని ఆమె అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది. అది తన ప్రజల ఆరోగ్యాన్ని చెడగొట్టే మత్తు అని ఆమె నమ్మింది. కానీ ఎన్నో జాతుల ఆదివాసులకు అది ప్రార్థనలో భాగం. అదే ఏడాది ఓక్లహోమాలో వాళ్లు నేటివ్ అమెరికన్ చర్చి పేరుతో సంఘం రిజిస్టర్ చేసుకుని తమ ఆరాధనను కాపాడుకోవలసి వచ్చింది. చిన్నప్పుడు తన నమ్మకాన్ని ఎవరూ అడగలేదని బాధపడిన మనిషి, పెద్దయ్యాక మరొకరి ఆరాధనను ఆపాలని చూసింది. మంచి ఉద్దేశం ఉంటే చాలదని ఆమె బతుకే రెండుసార్లు చూపించింది.

ఆలస్యంగా తేలిన లెక్క

అమెరికా ప్రభుత్వం ఈ బడుల లెక్క తీయడానికి చాలాకాలం పట్టింది. లగూనా ప్యూబ్లో జాతికి చెందిన డెబ్ హాలండ్ అంతరంగిక శాఖ మంత్రి అయ్యాక దర్యాప్తు జరిగింది. 2024లో వచ్చిన రెండో నివేదిక ప్రకారం 1819 నుంచి 1969 దాకా ప్రభుత్వం నడిపిన, లేదా ప్రభుత్వ సాయంతో నడిచిన ఆదివాసీ వసతి బడులు 417. వాటిలో చనిపోయినట్టు గుర్తించిన పిల్లలు కనీసం 973 మంది. ఆ ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ క్షమాపణ చెప్పాడు.

పక్కనున్న కెనడాలో 1920 నుంచి ఆదివాసీ పిల్లలకు ఇలాంటి బడి తప్పనిసరి చేశారు. ఎక్కువ బడులను చర్చిలే నడిపాయి. సుమారు లక్షా యాభై వేల మంది పిల్లలు వాటిలో చదివారు. 2008లో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. 2015లో సత్య, సయోధ్య కమిషన్ 94 సిఫార్సులు ఇచ్చింది. 2022లో పోప్ ఫ్రాన్సిస్ స్వయంగా కెనడా వెళ్లి ఆదివాసులను క్షమాపణ అడిగాడు.

మన దగ్గర

మన చరిత్ర అమెరికా చరిత్ర కాదు. రెంటినీ ఒకటి చేసి మాట్లాడితే తప్పు. మన ప్రాంతాల్లో మిషన్ బడులు చాలాచోట్ల మొదటి బడులు. మరెవరూ రాని కాలంలో వచ్చినవి. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో పంతొమ్మిదో శతాబ్దంలోనే కోయల మధ్య మిషన్ పనిచేసింది. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ కోయల ఆచారాలను రాసిపెట్టాడు. ఆ రాతలు ఇప్పటికీ పరిశోధకులకు పనికొస్తున్నాయి. ఛోటానాగ్‌పూర్‌లో బిర్సా ముండా చైబాసా జర్మన్ మిషన్ బడిలో చదివి, తర్వాత ఆ మిషన్‌కు దూరమై తన ప్రజలకు తన దారి చూపించాడు. అదే ప్రాంతంలో రాంచీ మిషన్ బడిలో చదివి ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లిన జైపాల్ సింగ్ ముండా, 1946లో రాజ్యాంగ సభలో ఆదివాసీగా నిలబడి ఆదివాసుల కోసం మాట్లాడాడు. ఒకే రకం బడి నుంచి రెండు దారులు వచ్చాయి. ఇద్దరూ మనవాళ్లే.

మరో దారి కూడా మన దగ్గరే ఉంది. పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి సవరల భాష తాను నేర్చుకుని, సవర భాషలోనే పుస్తకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించాడు. ముందు టీచరు పిల్లల భాష నేర్చుకున్నాడు. ఆ తర్వాత పిల్లలకు చదువు నేర్పాడు.

మన రాజ్యాంగం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 30వ అధికరణం ప్రకారం అల్పసంఖ్యాక మతాలవాళ్లు తమ విద్యాసంస్థలు పెట్టుకోవచ్చు. 28వ అధికరణం మూడో క్లాజు ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గానీ ప్రభుత్వ సాయం గానీ ఉన్న బడిలో మత బోధకు, ఆరాధనకు హాజరు కావాలని ఏ విద్యార్థినీ బలవంతం చేయకూడదు. విద్యార్థి ఒప్పుకోవాలి, మైనరైతే తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మత బోధే ఉండకూడదని అదే అధికరణం మొదటి క్లాజు చెబుతుంది. 350ఎ అధికరణం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయాలంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, సవర, కువి, కొలామీ లాంటి భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు తయారవడం ఆ దిశగా వేసిన అడుగే.

ఈ అధికరణాలు మిషన్ బడికి మాత్రమే వర్తించవు. గుడి కమిటీ నడిపే బడికీ, ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలకూ వర్తిస్తాయి. పొద్దున ప్రేయర్‌లో మైదానం దేవుళ్ల పాటలు పాడిస్తూ, సమ్మక్క సారలమ్మల పేరుగానీ, నాగోబా పేరుగానీ, ఊరి వేల్పు పేరుగానీ ఏడాదిలో ఒక్కసారైనా ఎత్తని బడి కూడా జిట్కాలా షా బడికి చుట్టమే. విత్తనాల పండుగకో, కొత్తల పండుగకో ఇంటికి వెళ్లిన పిల్ల పేరు పక్కన గైర్హాజరు గీత పెట్టే రిజిస్టర్ కూడా అంతే.

టీచర్లుగా మనం చేయగలిగినవి పెద్ద పనులు కావు. చేరిన రోజు పిల్ల పేరు ఇంట్లో ఎలా పిలుస్తారో అలాగే అడిగి రాసుకోవడం. జుట్టు కత్తిరించే ముందు వాళ్ల ఇంట్లో దానికి ఏదైనా మొక్కు ఉందా, మైల ఉందా అని అమ్మను అడగడం. ప్రార్థన సమయంలో మౌనంగా ఉండాలనుకునే పిల్లను మౌనంగా ఉండనివ్వడం. తల ఊపిన పిల్లకు ప్రశ్న అర్థమైందో లేదో ఆమె భాష తెలిసిన పెద్దపిల్లతో అడిగించడం. వీటికి జీవో అక్కరలేదు, నిధులు అక్కరలేదు.

యువతకు ఒక మాట. చదువు ఇచ్చిన బడి మీద కోపం ఉంటే దాచుకోనక్కరలేదు. ఆ కోపంతో చదువునే వదిలేయనూ అక్కరలేదు. జిట్కాలా షా రెండూ పక్కపక్కనే పెట్టుకుంది. గంట మోగిన ప్రతిసారీ తనను లేపిన భాషలోనే తన తల్లి ఇంటి గురించి రాసింది. మీ హాస్టల్ రోజులు, మీ ఊరి ప్రార్థనలు, మీ అమ్మ మాటలు మీరే రాయండి. మనం రాయకపోతే రేపు మన గురించి ఎవరో మళ్లీ మన పేరు మార్చి రాస్తారు.

ఈ జూన్‌లో కూడా గేటు దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంటుంది. లోపలికి రా అని పిలిచే ముందు, అమ్మా, నీ పేరేమిటి అని ఆమె భాషలో అడుగుదాం.